కేరల్ వెనక ఉన్న హాలు: క్వయర్, ఆర్గన్, ఆర్కెస్ట్రా కలిసి ఎలా రికార్డవుతాయి

డిసెంబర్ వచ్చిందంటే మన చర్చిల్లో ‘దూత పాట పాడుడి’ పాడని చోటు దాదాపు ఉండదు. కీబోర్డు ఉంటే దాంతో, హార్మోనియం ఉంటే దాంతో, ఏదీ లేకపోతే వట్టి చప్పట్లతో పాడతారు, ఎలా పాడినా పాట నిలబడుతుంది. దానికి కారణం ఆ ట్యూన్ పుట్టుకలోనే ఉందని నా నమ్మకం. అది చర్చి కోసం పుట్టిన ట్యూన్ కాదు. అచ్చుయంత్రం కనిపెట్టిన గూటెన్‌బర్గ్ పేరున 1840లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో జరిగిన ఉత్సవానికి జర్మన్ కంపోజర్ మెండెల్సన్ ఒక సంగీతం రాశారు, అందులోని ఒక ముక్క ఇది. పాడింది మగవాళ్ల బృందం, వెనక ఇత్తడి వాయిద్యాలు, పాడిన చోటు ఊరి నడిబొడ్డున ఆరుబయట. ఈ ట్యూన్ దైవసంబంధమైన మాటలకి నప్పదని మెండెల్సన్ స్వయంగా అన్నారు. ఆయన పోయాక, 1855లో, కమ్మింగ్స్ అనే ఇంగ్లిష్ ఆర్గనిస్టు దీన్ని చార్లెస్ వెస్లీ రాసిన పాత క్రిస్మస్ కీర్తనకి అతికించారు. అక్కడి నుంచి అది ప్రపంచమంతా తిరిగి తెలుగులోకీ వచ్చింది.

ఆరుబయట పాడే పాటకి కావలసినవన్నీ అందులో ఉన్నాయి. స్వరాలు పెద్ద అంగలతో నడుస్తాయి, లయ సూటిగా ఉంటుంది, ఒక్కసారి వింటే పట్టుబడుతుంది. ఇప్పుడు అదే ట్యూన్‌ని రాతి గోడల మధ్యకి తీసుకెళ్లి, దానికి ఆర్గన్, ఆర్కెస్ట్రా, ముప్పై గొంతుల క్వయర్ చేరిస్తే ఏం జరుగుతుంది?

ఇది అడగడానికి కారణం ఉంది. ఇప్పుడు మనవాళ్లు కూడా క్రిస్మస్ పాటలకి స్ట్రింగ్స్, బ్రాస్, ఆర్గన్, క్వయర్ సౌండ్లు పెట్టి ఆల్బమ్‌లు చేస్తున్నారు, ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని చేసేవాళ్లే ఎక్కువ. ఇంగ్లండ్ రికార్డింగుల్లో ఉండే ఆ నిండుదనం మనకెందుకు రావట్లేదు, ఏ ప్లగిన్ (సౌండ్‌కి మెరుగులు దిద్దే సాఫ్ట్‌వేర్) కొనాలి అని అడుగుతుంటారు. ప్లగిన్ సంగతి తర్వాత. ఆ నిండుదనంలో సగం పాట రాసిన కాగితం మీదే ఉంది, మిగతా సగంలో ఎక్కువ భాగం ఆ భవనంలో ఉంది.

ఆ భవనాల్లో అందరికీ తెలిసినది కేంబ్రిడ్జిలోని కింగ్స్ కాలేజ్ చాపెల్. 1446లో ఇంగ్లండ్ రాజు ఆరో హెన్రీ శంకుస్థాపన చేశాడు. పొడవు సుమారు 88 మీటర్లు, వెడల్పు 12, ఎత్తు 24. విసనకర్రల్లా విచ్చుకున్న రాతి కప్పు, రెండు పక్కలా పెద్ద పెద్ద రంగుల గాజు కిటికీలు. రాయి, గాజు శబ్దాన్ని పీల్చుకోవు, వెనక్కి కొడతాయి. అక్కడ ఒక స్వరం పాడి ఆపేస్తే అది పూర్తిగా చల్లారడానికి నాలుగైదు సెకన్లు పడుతుంది.

పూర్తిగా అంటే ఇంజనీర్ల లెక్కలో 60 డెసిబెల్స్ పడిపోవడం. నాలుగు సెకన్లనే లెక్కలోకి తీసుకుందాం. నిమిషానికి 100 బీట్ల వేగంతో పాడితే బీటుకి 0.6 సెకను, అంత సేపట్లో ధ్వని తగ్గేది 9 డెసిబెల్స్ మాత్రమే. అంటే మీరు ఇప్పుడు పాడుతున్న కార్డ్ (ఒకేసారి మోగే స్వరాల గుంపు) కింద దాని ముందు బీటులోని కార్డ్ ఇంకా బాగా వినపడుతూనే ఉంటుంది, దాని కింద అంతకు ముందుది, దాని కింద ఇంకొకటి. బీటుకో కార్డ్ చొప్పున మారుస్తూ పోతే నాలుగైదు కార్డ్‌లు ఒకదాని మీద ఒకటి పడి ముద్దయిపోతాయి. కింది స్వరాలైతే మరీ ఘోరం, బేస్‌లో గబగబా కదిలే లైన్ రాస్తే వినేవాళ్లకి అది ఉరుములాగే వినిపిస్తుంది. హల్లులదీ ఇదే బాధ. అచ్చు సాగుతుంది, హల్లు క్షణంలో అయిపోతుంది, ముందు పాడిన అచ్చు ఇంకా మోగుతుండగా దాని కింద తర్వాతి హల్లు మునిగిపోతుంది. అందుకే అలాంటి చోట పాడే క్వయర్లు మాట చివర వచ్చే స, ట లాంటి హల్లుల్ని అందరూ సరిగ్గా ఒకే క్షణంలో వేసేలా గంటల తరబడి సాధన చేస్తారు.

అలాగని వేగంగా రాయకూడదని కాదు. కింగ్స్‌లో 1982 నుంచి 2019 దాకా సంగీత దర్శకుడిగా ఉన్న స్టీఫెన్ క్లియోబరీ, 1983లో ఒక ఆనవాయితీ మొదలుపెట్టారు: ప్రతి క్రిస్మస్‌కీ ఒక కొత్త కేరల్, అంటే క్రిస్మస్ పాట, ఎవరో ఒక కంపోజర్ చేత రాయించడం. అలా 1990లో ఎస్తోనియా కంపోజర్ ఆర్వో పార్ట్ రాసిచ్చిన కేరల్ నిమిషం పైచిలుకు మాత్రమే ఉంటుంది, ఆర్గన్ ఉండదు, మాటలు జపం చేసినట్టు గబగబా దొర్లిపోతాయి. అయినా ముద్దవదు. ఎందుకంటే మాటలే పరిగెడతాయి, కార్డ్ చాలాసేపు ఉన్నచోటే ఉంటుంది. వెనక మోగుతున్నదీ ముందు పాడుతున్నదీ ఒకటే స్వరాలైనప్పుడు ఇక గొడవేముంది, ఆ మోత పాటకే బలమవుతుంది. హాలుని మనసులో పెట్టుకుని రాయడమంటే ఇదీ అని చూపించాలంటే నేను మొదట చూపించేది ఆ నిమిషం పాటనే.

ఇక మనకి బాగా తెలిసిన పాటకి వద్దాం. డేవిడ్ విల్‌కాక్స్ 1957 నుంచి 1974 దాకా అదే చాపెల్‌లో సంగీత దర్శకులు. ‘ఓ సద్భక్తులారా’ అని మనం పాడే కేరల్‌కి ఆయన కట్టిన ఏర్పాటు 1961లో ఆక్స్‌ఫర్డ్ ప్రెస్ వేసిన కేరల్ పుస్తకంలో వచ్చి, అక్కడి నుంచి ఇంగ్లిష్ పాడే చర్చిలన్నిటికీ పాకింది. మొదటి చరణాలు మామూలే, నాలుగు గొంతుల హార్మనీ, అంటే నాలుగు వేర్వేరు స్వరాల వరసలు కలిపి పాడటం. చివర్లో రెండు పనులు చేశారు. ఒక చరణంలో సభ అంతా మామూలు ట్యూన్ పాడుతుంటే, చిన్నపిల్లల గొంతులు దానిపైన వేరే ట్యూన్ పాడతాయి. దీన్ని డెస్కెంట్ అంటారు. అందులో ‘డింగ్ డాంగ్ మెరిలీ’ అనే ఇంకో కేరల్‌లోని గ్లోరియా ముక్కని తెచ్చి పొదిగారు. పై శ్రుతిలో ఉన్న పల్చటి గొంతు కాబట్టి కింద ఎంత మోత ఉన్నా అది పైకి తేలుతుంది, ముప్పై మందిలో సగం మంది పిల్లలు కొన్ని వందల మంది సభ మీదుగా వినిపిస్తారు.

చివరి చరణంలో చేసిన పని ఇంకా తెలివైనది. అక్కడ హార్మనీ పాడొద్దు, అందరూ ఒకే ట్యూన్ పాడండి అన్నారు. చూడ్డానికి సులువు చేసినట్టుంటుంది, కానీ అసలు ఎత్తుగడ వేరు. ట్యూన్ కింది వరసలు పాడే ఆల్టో, టెనర్, బేస్ వాళ్లు తమ తమ లైన్లు పాడుతుంటే ఆర్గనిస్టు కార్డ్‌లు మార్చలేడు, మారిస్తే కొట్టుకుంటాయి. అందరూ ట్యూన్ ఒక్కటే పట్టుకుంటే కింద ఏ కార్డ్ అయినా వెయ్యొచ్చు. ఇంగ్లిష్ మాటల్లో ‘వర్డ్ ఆఫ్ ద ఫాదర్’ దగ్గర, ‘వర్డ్’ అనే మాట మీద, ఎవరూ ఊహించని హాఫ్ డిమినిష్డ్ సెవెన్త్ కార్డ్ పడుతుంది. ట్యూన్‌లో ఒక్క స్వరం మారలేదు, సభ పాడేది చిన్నప్పటి నుంచి పాడుతున్న స్వరమే, అయినా కాళ్ల కింద నేల పక్కకి జరిగినట్టవుతుంది. ఆ ఒక్క కార్డ్‌కే ప్రత్యేకంగా అభిమానులున్నారు. పొడి హాల్లో చిన్న స్పీకర్ల మీద వింటే ఇదేదో తప్పు కార్డ్ అనిపించే ప్రమాదం కూడా ఉంది, చాపెల్‌లో మాత్రం దాని ముందున్న వెలుతురు కార్డ్ ఇంకా గాల్లో ఉండగానే ఇది వచ్చి తగులుతుంది, ఆ రెండిటి రాపిడే మనం ఒళ్లు పులకరించడం అంటున్నది.

ఇప్పుడు ఆర్గన్. పాడేవాళ్లు ఊపిరి తీసుకోవాలి, వయొలిన్ వాళ్లు బో తిప్పుకోవాలి, పైప్ ఆర్గన్‌కి ఈ రెండూ అక్కర్లేదు, కీ మీద వేలు ఉన్నంతసేపూ అదే బలంతో మోగుతూనే ఉంటుంది. వేలు గట్టిగా నొక్కినా మెల్లగా నొక్కినా తేడా లేదు. శబ్దం పెంచాలంటే స్టాప్‌లు లాగాలి, అంటే ఇంకో వరస పైపుల్ని కలపాలి, లేదా కొన్ని పైపులుండే చెక్క గది తలుపుల్ని పెడల్‌తో తెరవాలి. కాబట్టి క్వయర్ ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో అక్కడ ఆర్గన్ కూడా చెయ్యెత్తేలా రాయాలి. ఇది రాయని కంపోజర్ పాటలో గాయకులు ఊపిరాడక కొట్టుకుంటున్నట్టు వినిపిస్తారు, కారణం మాత్రం ఎవరికీ అంతుపట్టదు.

దూరం ఇంకో చిక్కు. కింగ్స్‌లో ఆర్గన్ చాపెల్ మధ్యలో అడ్డంగా ఉన్న చెక్క తెర మీద ఉంటుంది, క్వయర్ దానికి తూర్పున రెండు పక్కలా ఎదురెదురుగా కూర్చుంటుంది, సభలో కొంతమంది తెరకి పడమర వైపు ఉంటారు. ధ్వని సెకనుకి 340 మీటర్లు వెళ్తుంది, ఆ లెక్కన తెర నుంచి చివరి గోడ దాకా 0.13 సెకను. అక్కడివాళ్లు ఆర్గన్ విని పాడతారు, వాళ్ల పాట తిరిగి ఆర్గనిస్టు చెవిని చేరేసరికి పావు సెకను అయిపోతుంది, అంటే దాదాపు అర బీటు. చెవిని నమ్మి సభ కోసం ఆగితే పాట ప్రతి చరణానికీ కుంటుకుంటూ నెమ్మదైపోతుంది. ఇలాంటి చోట ఆర్గనిస్టు చెవికన్నా దర్శకుడి చేతినే ఎక్కువ నమ్ముకోవాలి, అద్దంలోనో కెమెరా తెర మీదో దాన్ని చూస్తూ, తనకి వినపడుతున్నదానికి ఒక వెంట్రుకవాసి ముందు వాయిస్తూ పోవాలి.

అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది శ్రుతి. ఆర్గన్‌లోని మామూలు పైపుల శ్రుతి గాలి వేడిని బట్టి మారుతుంది, ఒక డిగ్రీ సెల్సియస్ తగ్గితే సుమారు 3 సెంట్లు దిగుతుంది. సెంటు అంటే అర స్వరంలో నూరో వంతు. 18 డిగ్రీల్లో 440 హెర్ట్జ్ శ్రుతికి సరిచేసిన ఆర్గన్ డిసెంబర్ చలిలో 12 డిగ్రీలకి వచ్చిందనుకోండి, 435 దగ్గరికి జారుతుంది. నాలుకలుండే రీడ్ పైపులు మాత్రం అంతగా జారవు, దాంతో ఒకే ఆర్గన్‌లో రెండు శ్రుతులు మొదలవుతాయి. అప్పుడు ట్యూనర్ వచ్చి రీడ్ పైపుల్నే కిందికి దించుతాడు, ఎందుకంటే మిగతా వేల పైపుల్ని ఒక పూటలో సరిచేయడం అయ్యే పని కాదు. ఆర్కెస్ట్రా సంగతేమిటి? వయొలిన్లు దిగొస్తాయి. ఓబో, క్లారినెట్ వాయించేవాళ్లకి అంత కిందికి దిగడం నరకం, పైగా వాళ్ల ఊపిరి వేడికి ఆ వాయిద్యాలు పైకే పోతుంటాయి. హార్మోనియం పక్కన పాడేవాళ్లకి ఈ బాధ కొంత తెలుసు, శ్రుతి మార్చుకోలేని వాయిద్యం ఒకటి ఉంటే మిగతావాళ్లంతా దాని దగ్గరికి రావలసిందే.

అందుకే ఆర్గన్‌తో పాటు ఆర్కెస్ట్రా రాసేటప్పుడు, ఆర్కెస్ట్రా చేసే పనే ఆర్గన్ చేత మళ్లీ చేయించకూడదు. వయొలిన్ల లైన్‌ని ఆర్గన్ గట్టిగా రెట్టిస్తే వయొలిన్లు మాయమవుతాయి. ఆర్గన్ ఇవ్వగలిగింది వేరే ఉంది. పెద్ద ఆర్గన్లలో 32 అడుగుల పైపుల వరస ఉంటుంది, దాని అన్నిటికన్నా కింది స్వరం 16 హెర్ట్జ్, డబుల్ బేస్ ఎంత కిందికి దిగినా దానికన్నా దాదాపు ఒక స్థాయి కింద. చెవికన్నా ముందు ఛాతీకి, కూర్చున్న బల్లకి తెలిసే స్వరం అది. అది ఆర్గన్‌కి వదిలేసి, పైన ట్రంపెట్లు, ట్రాంబోన్లు, టింపనీలు (ఆర్కెస్ట్రాలోని పెద్ద డ్రమ్ములు) పెడితే రెండూ ఒకదాన్నొకటి మింగవు, ఎందుకంటే ఇత్తడి వాయిద్యాల మొదటి తాకిడి పదునుగా ఉంటుంది, ఆర్గన్‌కి ఆ పదును లేదు. ఇంగ్లిష్ క్వయర్ సంగీతంలో ఆర్గన్, ఇత్తడి, టింపనీ కూర్పు అన్నిసార్లు కనిపించడానికి డబ్బు ఒక కారణమైతే, అంటే పది మందితో పని అయిపోతుంది, రెండో కారణం ఇదే. ఇంగ్లిష్ కంపోజర్ జాన్ రట్టర్ 1974లో రాసిన గ్లోరియా సరిగ్గా ఈ కూర్పుకే రాశారు.

ఇక రికార్డింగ్. ఇలాంటి హాల్లో గాయకుడి నుంచి దూరం జరిగే కొద్దీ నేరుగా వచ్చే ధ్వని తగ్గుతుంది, గోడల నుంచి వచ్చేది మాత్రం దాదాపు అంతే ఉంటుంది. రెండూ సమానమయ్యే దూరం ఒకటుంటుంది, కింగ్స్ కొలతలతో స్థూలంగా లెక్క కడితే అది నాలుగు మీటర్ల చుట్టుపక్కల వస్తుంది. సభలో కూర్చున్నవాళ్లలో చాలామంది అంతకన్నా ఎంతో దూరంలో ఉంటారు, అయినా వాళ్లకి మాటలు తెలుస్తాయి, ఎందుకంటే మనిషి కళ్లతో కూడా వింటాడు, రెండు చెవులతో దిక్కు పట్టుకుని గోడల మోతని పక్కకి నెట్టేస్తాడు. మైక్‌కి ఆ తెలివి లేదు. సభలో ఉన్నంత దూరంలో మైక్ పెడితే అంతా పొగమంచే. మరీ దగ్గర పెడితే ఒక్కొక్క పిల్లవాడి గొంతు విడివిడిగా వినపడుతుంది, క్వయర్ పోతుంది.

1950లలో డెక్కా కంపెనీ ఇంజనీర్లు దీనికి ఒక దారి కనిపెట్టారు. అన్ని దిక్కుల నుంచీ వినే మూడు మైకుల్ని టి ఆకారపు కడ్డీకి బిగించి, ఎడమ కుడి మైకుల మధ్య సుమారు రెండు మీటర్లు, మధ్యది ఒకటిన్నర మీటరు ముందుకి, కండక్టర్ తలకి పైన వేలాడదీయడం. డెక్కా ట్రీ అంటారు. దానికి తోడు అవసరమైన చోట దగ్గరి మైకులు, చాలా తక్కువ స్థాయిలో. ఆర్గన్‌కి వేరే జత. ఇక్కడ జాగ్రత్త పడాల్సింది ఒకటుంది: ఆర్గన్ మైకులు క్వయర్‌కి 20 మీటర్ల దూరంలో ఉంటే వాటిలోకి కూడా క్వయర్ గొంతు చొరబడుతుంది, 0.06 సెకను ఆలస్యంగా. ఆ ఆలస్యాన్ని సరిచేయకుండా ఆ మైకుల శబ్దం పెంచే ఫేడర్ పైకి తోస్తే ప్రతి హల్లూ రెండుసార్లు వినపడుతుంది.

ఎడిటింగ్‌లో హాలు మళ్లీ అడ్డొస్తుంది. స్టూడియోలో పాడితే తప్పు పోయిన మాట ఒక్కటే మళ్లీ పాడించి అతికిస్తాం. చాపెల్‌లో అలా కుదరదు, కొత్త టేక్‌లోని మొదటి మాట నిశ్శబ్దంలోంచి పుడుతుంది, పాత టేక్‌లో అదే మాట కింద ముందు కార్డ్ తోక మోగుతోంది. అతికిస్తే తోక తెగినట్టు తెలిసిపోతుంది. అందుకని రెండు మూడు లైన్ల ముందు నుంచి పాడించుకుంటూ రావాలి, హాలు నిండాక అప్పుడు కత్తిరించాలి. పాట అయిపోయాక కూడా ఆఖరి మోత చల్లారేదాకా ఎవరూ కదలకూడదు, పేజీ తిప్పకూడదు, ఎనిమిదేళ్ల పిల్లలకి ఇది చెప్పి చూడండి. బయట లారీ వెళ్తే ఆ టేక్ పోయినట్టే.

ఆర్కెస్ట్రా ఒక ఊళ్లో, ఆర్గన్ ఇంకో దేశంలో ఉండి కూడా రికార్డులు వచ్చాయి. ఫ్రెంచ్ కంపోజర్ సాన్-సాన్స్ 1886లో రాసిన ఆర్గన్ సింఫనీని 1970లలో కండక్టర్ బారెన్‌బోయిమ్ షికాగో ఆర్కెస్ట్రాతో రికార్డ్ చేసినప్పుడు, ఆర్గన్ భాగాన్ని ఫ్రాన్స్‌లోని షార్త్ర్ కెథీడ్రల్‌లో విడిగా రికార్డ్ చేసి కలిపారు. తర్వాత కరాయన్ అనే ఇంకో కండక్టర్ కూడా అంతే, ఆర్కెస్ట్రా బెర్లిన్‌ది, ఆర్గన్ ప్యారిస్ నోత్ర్‌దామ్‌ది. సెషన్ నాడు ఆర్గనిస్టూ కండక్టరూ ఒకరి ఊపిరి ఒకరు వినే వీలు అందులో లేదు. ఆ ఆర్గన్ల వైభవం కాదనలేను, కానీ ఆర్గన్ ప్రవేశించినప్పుడల్లా హాలు మారిపోయినట్టు నా చెవికి తెలుస్తూనే ఉంటుంది.

ఇంట్లో చేసేవాళ్లకి ఎదురయ్యేదీ ఇదే చిక్కు, ఇంకా ఎక్కువ మోతాదులో. హాప్ట్‌వర్క్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో నిజమైన ఆర్గన్ పైపుల్ని ఒక్కొక్కటిగా రికార్డ్ చేసి పెడతారు, కీ వదిలాక వచ్చే తోకని కూడా, పొట్టిగా నొక్కి వదిలినప్పుడు ఒకటి, ఎక్కువసేపు పట్టి వదిలినప్పుడు ఒకటి. అంటే చర్చి అందులోనే వచ్చేసింది. స్ట్రింగ్స్ లైబ్రరీల్లో (ముందే రికార్డ్ చేసి అమ్మే వాయిద్యాల శబ్దాలు) కొన్ని లండన్‌లోని లిండ్‌హర్స్ట్ హాల్లో రికార్డ్ చేసినవి, అదీ ఒకప్పటి చర్చి భవనమే, వాటిలోనూ గది ఉంది. క్వయర్‌ని మనం బెడ్‌రూమ్‌లో దుప్పట్లు కట్టి రికార్డ్ చేస్తాం. ఈ మూడిటి మీదా చివర్లో కెథీడ్రల్ రివర్బ్ (గది మోతని కృత్రిమంగా చేర్చే ఎఫెక్ట్) పోస్తే నాలుగు గదులు ఒకేసారి మోగుతాయి, వచ్చేది నిండుదనం కాదు, మసక. ముందు ఒక్క గది ఎంచుకోండి. ఆర్గన్ లైబ్రరీ గదే బాగుంటే మిగతావన్నీ పొడిగా పెట్టి, ఆ గదికి దగ్గరగా ఉండే ఒకే ఒక్క రివర్బ్‌కి పంపండి, వెనక ఉండాల్సినవి ఎక్కువగా, ముందుండాల్సినవి తక్కువగా. సాఫ్ట్‌వేర్ క్వయర్ ఎక్కువగా ఆ, ఊ అంటుంది, మాటలు పలికేవి ఉన్నా మనుషుల్లా పలకవు, ఎనిమిది మంది మనుషుల్ని నిలబెట్టి, చోట్లు మారుస్తూ రెండు మూడుసార్లు పాడించుకుంటే అది నూరు రెట్లు నయం.

ఇంకో మాట, ఇది నా గట్టి అభిప్రాయం. మన తెలుగు క్రిస్మస్ పాటలు చాలావరకు డోలక్, ప్యాడ్స్ మీద హుషారుగా నడిచేవి, గొంతులో గమకాలు ఉంటాయి. గమకం అంటేనే స్వరం నుంచి స్వరానికి జారడం, నాలుగు సెకన్ల హాల్లో ఆ జారుడంతా ఒకదాని మీద ఒకటి పూసేసినట్టవుతుంది. అలాంటి పాటకి సెకను, సెకనున్నర గది చాలు. కెథీడ్రల్ కావాలనిపిస్తే దానికి తగ్గ పాట రాయండి: నెమ్మదిగా కదిలే కార్డ్‌లు, సాదా స్వరాలు, మాట తర్వాత కాస్త ఖాళీ.

వినడానికి మంచి అవకాశం డిసెంబర్ 24న ఉంది. కింగ్స్‌లో 1918 నుంచి ఆ రోజు తొమ్మిది బైబిల్ పాఠాలు, కేరల్స్‌తో ఆరాధన జరుగుతోంది, 1928 నుంచి, మధ్యలో 1930 ఒక్కటి తప్ప, ప్రతి ఏటా బీబీసీ రేడియోలో వస్తోంది. టీవీలో వచ్చేది వేరే కార్యక్రమం, ముందే రికార్డ్ చేసింది. రేడియోది మాత్రం లైవ్, అక్కడ మధ్యాహ్నం మూడింటికి, మనకి రాత్రి 8:30కి. మొదటి పాట ‘వన్స్ ఇన్ రాయల్ డేవిడ్స్ సిటీ’. మొదటి చరణం ఒక్క పిల్లవాడు, ఏ వాయిద్యమూ లేకుండా. రెండో చరణం క్వయర్, అప్పుడూ వాయిద్యం లేదు. మూడో చరణానికి ఆర్గన్ వస్తుంది, సభ కూడా పాడుతుంది. రెండు చరణాల పాటు, అదీ చలిలో, శ్రుతి చెప్పేవాళ్లు లేకుండా పాడిన గొంతులు ఒక్క పిసరు కిందికి జారినా ఆర్గన్ మొదటి కార్డ్‌కే బయటపడిపోతుంది, లైవ్ కాబట్టి రెండో టేక్ లేదు. ఆ అతుకు దగ్గర చెవి పెట్టి వినండి, మంచి హెడ్‌ఫోన్స్ ఉంటే ఇంకా మంచిది.